జ్వరాల జాడ

దక్షిణవాహినియైన గోదావరి ఒడ్డున వెలసిన పుణ్యక్షేత్రం ధర్మపురి. లక్ష్మీనృసింహస్వామి దర్శనానికి, నదీస్నానానికి ఇక్కడికి యాత్రికులు నిత్యం వస్తుంటారు. పరిసర గ్రామాలలో వరిపొలాలు, చెరువులు, పశువుల కొట్టాలు కనిపిస్తాయి. బ్రతుకునకు ఆధారమైన ఈ నీరు, ఈ పాడిపంటలే ఒక్కొక్కప్పుడు వ్యాధికారక కీటకాలకు కూడ ఆశ్రయమవుతాయి. నేడు జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లా 2003వ సంవత్సరంలో ఒక పెనువిపత్తును చవిచూసింది.

ఆ ఏడు జూన్ నుండి ఆగస్టు వరకు కరీంనగర్, వరంగల్ మొదలైన జిల్లాలలో పిల్లలకు మెదడువాపు వ్యాధి సోకింది. తీవ్రజ్వరం, వాంతులు, మూర్ఛలు వచ్చి, ఒకటి రెండు రోజులలోనే అనేకులు స్పృహ కోల్పోయారు. నాటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు వ్యాధి బారిన పడగా 183 మంది మరణించారు.

తొలుత అందరి అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌పైకి పోయింది. అది సహజమే. ఆ వైరస్ పందులలోను, కొంగలలోను వృద్ధి చెందుతుంది. వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమలు దానిని మనుషులకు చేరుస్తాయి. కాని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు రోగుల నమూనాలను పరీక్షించగా వేరొక వైరస్ బయటపడింది. అది 1965లో నాగపూర్ సమీపంలోని చండీపుర గ్రామంలో తొలిసారి కనుగొన్న వైరస్. దీనిని ప్రధానంగా వ్యాపింపజేసేది దోమ కాదు. దోమ కంటె చిన్నదైన శాండ్‌ఫ్లై అనే కీటకం. కరీంనగర్ జిల్లాలో సేకరించిన శాండ్‌ఫ్లైలలో సైతం ఈ వైరస్ ఆనవాళ్ళు లభించాయి.

ఈ భేదం తెలియడం ఎంతో అవసరం. దోమ నీటిలో గ్రుడ్లు పెడుతుంది. శాండ్‌ఫ్లైకి నిలువనీరు అక్కరలేదు. మట్టిగోడల పగుళ్ళు, పేడ కలిసిన తడినేల చాలు. కావున మురుగునీటిని తొలగించినంత మాత్రాన అది నశించదు. గోడల పగుళ్ళు పూడ్చాలి, కొట్టాలను శుభ్రపరచాలి, గోడలపై మందు చల్లించాలి. శత్రువెవరో తెలియనిదే ఆయుధమేదో నిర్ణయించలేము.

డెంగీ తీరు మరొకటి. దానిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. గోలెములు, కూలర్లు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. గ్రుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి పాత్రలను ఖాళీ చేసి, తోమి ఆరబెట్టాలంటారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ రోగిని కుట్టిన దోమ ఆ వ్యాధిని మరొకరికి అంటించలేదు. డెంగీ రోగిని కుట్టిన దోమ మాత్రం కొద్దిరోజుల తరువాత ఇతరులకు అంటించగలదు. కనుక యాత్రాస్థలాలలో జ్వరంతో వచ్చిన ఒక్క వ్యక్తి నుండైనా వ్యాధి వ్యాపించే అవకాశం ఉంది.

వ్యాధి ప్రబలకముందే దాని జాడ పసిగట్టడాన్ని నిఘా అంటారు. ఏ వీధిలో ఎందరికి జ్వరం వచ్చింది? గత సంవత్సరం ఇదే వారంలో ఎందరికి వచ్చింది? నూరు ఇళ్ళు పరిశీలిస్తే ఎన్నింటిలో దోమపిల్లలు ఉన్నాయి? ఈ లెక్కలలో అసాధారణమైన పెరుగుదల కనబడితే అదే తొలి హెచ్చరిక. ఇట్టి సమాచారాన్ని క్రమపద్ధతిలో సేకరించడానికి భారతప్రభుత్వం 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకాన్ని ప్రారంభించింది.

అయితే ఈ గొలుసులో మొదటి కొక్కెం ప్రయోగశాల కాదు, ఇల్లు. జ్వరాన్ని దాచిపెట్టినా, సొంతవైద్యంతో కాలం గడిపినా ఆ జ్వరం లెక్కకు రాదు. చండీపుర వైరస్‌కు నేటికీ టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు. 2024లో గుజరాత్‌లో అది మళ్ళీ పిల్లలను బలిగొన్నది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. బిడ్డకు జ్వరంతోపాటు మూర్ఛ వచ్చినప్పుడు జాగుచేయక ఆసుపత్రికి చేర్చడం, ఆ సంగతిని ఆరోగ్య కార్యకర్తకు తెలియజేయడం ప్రతి కుటుంబం చేయగల పని. దానివలన ఆ బిడ్డ ప్రాణమే కాక, పొరుగింటి బిడ్డ ప్రాణం కూడ నిలువవచ్చు.