పూర్వ ప్రాథమిక విద్య (విజయవాడ, కృష్ణా డెల్టా)

పూర్వ ప్రాథమిక విద్య అనగా 3 నుండి 6 సంవత్సరాల వయసు గల పిల్లలకు ఒకటవ తరగతికి ముందు లభించే శిక్షణ. విజయవాడ నగరంలోను, కృష్ణా డెల్టా గ్రామాలలోను ఇది ముఖ్యంగా రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి ప్రభుత్వ అంగన్‌వాడీ కేంద్రం, రెండవది ప్రైవేటు నర్సరీ పాఠశాల. ఈ వయసులో ఆటయే చదువు అని విద్యావేత్తల అభిప్రాయం. అయితే ఇంటివారు ఆ మాటను నమ్మినంత వరకే ఈ పద్ధతి నిలుస్తుంది.

చరిత్ర

జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల ఆటల పాఠశాలను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టాడు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని ఒక పేదల పేటలో తన మొదటి శిశుగృహాన్ని తెరిచింది. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా ఆమె 1946 వరకు భారతదేశంలోనే ఉండవలసి వచ్చింది. విజయవాడలో విద్యావేత్త వి.కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పేరుతో పాఠశాలను స్థాపించింది. ఆమెకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. మాంటిస్సోరి అన్న పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. దేశమంతటా పలు పాఠశాలలు ఆ పేరు పెట్టుకున్నాయి కనుక, పేరును బట్టి బోధనా పద్ధతిని నిర్ణయించరాదు.

గ్రామాలలోని కేంద్రాలకు మూలం వేరు. తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డి గ్రామంలో పేదపిల్లల కోసం బాలవాడిని నెలకొల్పింది. పిల్లలు బడికి రాలేకపోతే బడియే వారి వాకిట్లోకి వెళ్ళాలన్నది ఆమె భావన. అంగన్ అనగా ముంగిలి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైన తరువాత అంగన్‌వాడీ అన్న మాట దేశమంతటా వ్యాపించింది.

ఆట ద్వారా అభ్యాసం

ఈ పద్ధతిలో వస్తువులే పాఠ్యపుస్తకాలు. ఒక గ్లాసులోని నీటిని మరొక గ్లాసులోకి ఒలకకుండా పోయడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, కలిపిన కందులను, పెసలను వేరు చేయడం వంటి పనులు చూడటానికి ఇంటిపనులే. వీటి వలన వేళ్ళకు పట్టు, కంటికి నిదానం, మనసుకు ఏకాగ్రత అలవడతాయి. తెలుగు లిపి గుండ్రనిది. మలుపులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు వ్రాయాలంటే మణికట్టు, వేళ్ళు సులువుగా తిరగాలి. మూడేళ్ళ పిల్లవానికి ఆ శక్తి పూర్తిగా రాదు. పలకపై అ, ఆ దిద్దించేటప్పుడు చాలామంది పిల్లలు మొరాయించడానికి కారణం మొండితనం కాదు, చేతికి ఇంకా అందకపోవడమే. ఇసుకలో వేలితో గీయడం, మట్టి ముద్దలు చేయడం, చుక్కలు పెట్టి ముగ్గు కలపడం ఆ చేతిని సిద్ధం చేస్తాయి.

డెల్టా ఇళ్ళలో ఇందుకు కావలసిన సామగ్రి చాలావరకు ఉన్నదే. వామనగుంటలలో గింజలు పంచేటప్పుడు లెక్క వస్తుంది. గుజ్జనగూళ్ళు ఆడేటప్పుడు పిల్లలు పెద్దల మాటలను అనుకరిస్తూ భాష నేర్చుకుంటారు. దాగుడుమూతలలో తన వంతు వచ్చే వరకు ఆగడం అలవాటవుతుంది. విజయవాడకు సమీపంలోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలు కథలు చెప్పడానికి చక్కగా పనికివస్తాయి. పాపం, చాలా ఇళ్ళలో అవి అద్దాల బీరువా దాటి రావు.

కుటుంబ పాత్ర

విజయదశమికో, వసంత పంచమికో బియ్యంలో అక్షరాభ్యాసం చేయించడం ఈ ప్రాంతపు ఆచారం. ఇంద్రకీలాద్రిపై దసరా ఉత్సవాలలో మూలా నక్షత్రం నాడు కనకదుర్గమ్మను సరస్వతీదేవిగా అలంకరిస్తారు. అక్షరాభ్యాసం శుభారంభం మాత్రమే అయినా, మరునాటి నుండే పిల్లవాడు వ్రాయాలని ఆశించే తల్లిదండ్రులు ఎక్కువ. ర్యాంకుల కోచింగుకు పేరుపొందిన నగరం కావడం వలన ఆ తొందర నర్సరీ వరకు దిగింది. "ఈ రోజు ఏం వ్రాశావు?" అన్న ప్రశ్నకు పిల్లవాడు చూపగల కాగితం లేకపోతే, కేంద్రంలో చదువు చెప్పడం లేదనే ముద్ర పడుతుంది. దానితో కొందరు పిల్లలను మాన్పించి, ఫీజు భారమైనా ఇంగ్లీషు మీడియం ఎల్‌కేజీలో చేరుస్తారు.

2013 నాటి జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం తల్లిదండ్రులను భాగస్వాములుగా గుర్తించింది. అంగన్‌వాడీలో నెలకు ఒక దినాన్ని కేటాయించి, పిల్లలు చేసిన బొమ్మలను, ఆడే ఆటలను ఇంటివారికి చూపాలి. డెల్టాలో వరినాట్ల కాలంలో కూలికి వెళ్ళే తల్లులకు పగటిపూట రావడం కష్టం. పిల్లలను దింపేది, తీసుకువెళ్ళేది తరచుగా అమ్మమ్మ లేక నాయనమ్మ. ఆమె చెప్పే కథ, పొడుపుకథ కూడా బోధనలో భాగమే. కనుక సమావేశాలకు తల్లులనే కాక ఆమెను కూడా పిలవడం అవసరం. తండ్రుల రాక అరుదు.

ఇబ్బందులు

అంగన్‌వాడీ కార్యకర్త బోధనతో పాటు పౌష్టికాహార పంపిణీ, పిల్లల బరువులు తూచడం, గర్భిణుల వివరాలు, ఫోనులో నమోదులు చూసుకోవాలి. ఈ పనులలో మొదట కోతపడేది ఆటల సమయానికే. ఆంధ్రప్రదేశ్‌లో వేతనాల పెంపు తదితర కోరికలతో కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజుల పాటు సమ్మె చేశారు. అప్పటి ప్రభుత్వం 2024 జనవరిలో వారిపై ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది.

2020 జాతీయ విద్యా విధానం 3 నుండి 8 సంవత్సరాల వయసును ఒకే పునాది దశగా పరిగణించింది. ఆటల ఆధారిత బోధనను, వీలైనంత వరకు ఇంటి భాషలో అభ్యాసాన్ని సూచించింది. ఇందుకు సంబంధించిన పాఠ్యప్రణాళికా చట్రం 2022 అక్టోబరులో వెలువడింది. ఒకటవ తరగతిలో చేరడానికి 6 సంవత్సరాలు నిండి ఉండాలన్నది ఈ విధానంలోని మరొక అంశం.