పది నిమిషాల నవ్వు... రెండు గంటల పరీక్ష!

సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా కాలేజీ వార్షికోత్సవం అనగానే నలుగురు కుర్రాళ్ళు జట్టుకట్టి ‘స్కిట్టు’ వేద్దామనుకోవడం మామూలే. ఈ కాలపు కుర్రకారుకి ఈ సరదా అంటించింది ఎవరంటారా? ఇంకెవరు, 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’! మరి బుల్లితెర మీద ఇంటిల్లిపాదినీ నవ్వించిన ఆ జట్లు వెండితెర మీద కూడా అంతే నవ్వించాయా?

సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్‌ల త్రయాన్నే తీసుకోండి. స్కిట్టులో శ్రీను కొత్త వేషంతో అడుగుపెట్టగానే సగం నవ్వు వచ్చేస్తుంది. రాంప్రసాద్ పంచ్ విసురుతాడు. అమ్మాయిల పేరు చెప్పి సుధీర్‌ని ఏడిపిస్తే మిగతా సగం పూర్తి! వాళ్ళెవరో, వాళ్ళ స్నేహమేమిటో మనకి ముందే తెలుసు గనుక కథ లేకపోయినా లోటు తెలియదు. పైగా అప్పట్లో జడ్జీల కుర్చీల్లో నాగబాబు, రోజా పడీపడీ నవ్వుతుంటే మన పెదవులూ ఊరుకునేవి కావు.

2020లో ఈ ముగ్గురితోనే ‘3 మంకీస్’ సినిమా వచ్చింది. అదే స్నేహం, అవే పంచ్‌లు. కానీ బుల్లితెర మీద వచ్చిన స్పందన థియేటర్లో రాలేదు. ఎందుకని? థియేటర్లో జడ్జీలుండరు మరి! టికెట్ కొన్నవాడే జడ్జి. పంచ్ పేలగానే స్కిట్టు అయిపోతుంది. సినిమాలో పంచ్ పేలాక కూడా ఆ మనిషికి ఏమవుతుందోనన్న ఆత్రం మిగలాలి. ఆ తర్వాత సుధీర్ ‘గాలోడు’ (2022)లో స్కిట్టు వాసన తగ్గించి మాస్ హీరో బాట పట్టాడు. బి, సి సెంటర్లు ఆదరించాయి. శ్రీను ‘రాజు యాదవ్’ (2024)లో ముఖం మీద నవ్వు చెరగని మనిషిగా కనిపించాడు. నవ్వే ఆ మనిషికి శిక్ష!

ఈ తేడా కొత్తదేం కాదు. మన కోదాడ బిడ్డ వేణుమాధవ్ సంగతి చూడండి. మిమిక్రీ వేదికల మీద నుంచి వచ్చి, 1996లో ‘సంప్రదాయం’తో తెరకెక్కాడు. ‘హంగామా’ (2005)లో ఆలీతో కలిసి, ‘భూకైలాస్’ (2007)లో సోలోగా హీరో వేషాలూ కట్టాడు. అయినా 2019లో ఆయన కన్నుమూసినప్పుడు అభిమానులు తలుచుకున్నది ‘సై’లో నల్లబాలునే! ‘లక్ష్మి’లో హాస్యానికి నంది అవార్డూ అందుకున్నాడు. పెద్ద కథలో చిన్న పాత్ర అంటే ఒకరకంగా స్కిట్టే కదా. కథ బరువు హీరో మోస్తాడు, నవ్వు బాధ్యత కమెడియన్ మోస్తాడు.

అలాగని స్కిట్టు నుంచి సినిమాకి దారే లేదా? ఉంది. ఆ దారి చూపించింది ‘వేణు వండర్స్’ టీమ్ లీడర్ వేణు ఎల్దండి. 2023లో ఆయన తీసిన ‘బలగం’లో ఓ నల్లిబొక్క కోసం బావా బావమరదులు కొట్లాడుకుంటారు. స్కిట్టులో అయితే రెండు నిమిషాల్లో నవ్వుకుని మరచిపోయేవాళ్ళం. సినిమాలో ఆ అలక ఏళ్ళ తరబడి అన్నాచెల్లెళ్ళను విడదీసింది. నవ్విన ప్రేక్షకుడే కళ్ళు తుడుచుకున్నాడు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి మరీ ఊరంతా కలిసి చూశారు. ఈ సినిమాలోని పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ అవార్డు కూడా అందుకున్నారు.

కాబట్టి స్కిట్టు చిన్నదీ కాదు, సినిమా గొప్పదీ కాదు. పది నిమిషాల్లో నవ్వించడం ఒక విద్య, రెండు గంటలు కూర్చోబెట్టడం మరో విద్య. స్టేజీ మీద చప్పట్లు కొట్టించుకుని, హైదరాబాద్ బస్సెక్కాలని ఉబలాటపడే మన కుర్రాళ్ళు బ్యాగులో పంచ్‌లతో పాటు తమ ఊరి మనుషుల కథలు కూడా సర్దుకుంటే మంచిది. పంచ్‌లు అందరి దగ్గరా ఉంటాయి. మీ ఊరి కథ మీ దగ్గరే ఉంటుంది!