సగ్గుబియ్యంలో నల్ల శిలువ

ఉడికిన సగ్గుబియ్యం గాజులా మెరుస్తుంది కాబట్టి అందులో ప్లాస్టిక్ కలిపారన్నది పాత అపోహ. దాన్ని కొట్టిపారేయడానికి పోలరైజ్డ్ మైక్రోస్కోపును సాక్ష్యానికి పిలిచేవారు ఇంకో అపోహలో పడుతుంటారు: నల్ల శిలువ కనిపిస్తే స్ఫటికం ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు అని. సగ్గుబియ్యం చేసే కర్రపెండలం ధర్మపురి జిల్లాలో పండుతుంది, పక్కనున్న సేలం సగ్గుబియ్యానికి పేరుమోసింది. ఆ గడ్డ పిండిని నీటిచుక్కలో కలిపి, ఒకదానికొకటి లంబంగా తిప్పిన రెండు పోలరాయిడ్ల మధ్య చూస్తే ఒక్కో రేణువు మీద నాలుగు వెలుగు రేకులు, వాటి నడుమ నల్ల శిలువ కనిపిస్తాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి చల్లార్చితే ఏర్పడే గోళాల మీదా ఇదే బొమ్మ. అంతమాత్రాన పిండి ప్లాస్టిక్ అయిపోదు. రెండూ పాలిమర్లే, రెండింటిలోనూ గొలుసు అణువులు ఒక కేంద్రం చుట్టూ వరుసగా సర్దుకుంటాయి. ఆ వరుస పోలరాయిడ్ల దిశతో కలిసిన చోట వెలుగు దాటి రాదు. శిలువ చెప్పేది అమరికను, పదార్థం పేరును కాదు.

పేరు తెలియాలంటే వేడిచేయాలి. నీటిలో 60–70 డిగ్రీల ప్రాంతంలో పిండి రేణువు ఉబ్బి శిలువను పోగొట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ గోళాలు మరిగే నీటిలోనూ చెక్కుచెదరవు, కరగడానికి 160 డిగ్రీలైనా కావాలి. మిల్లులో తడిపిండిని గుండ్లు కట్టి వేడి పెనం మీద వేయిస్తారు కదా, పైపొర ఉడికి అక్కడి శిలువలు పోతాయి, లోపలివి మిగులుతాయి. వంటలో సగ్గుబియ్యం నడుమ మిగిలే తెల్లచుక్క ఆ ఉడకని రేణువుల గుంపే.

శిలువ పోయిందంటే స్ఫటికమూ పోయినట్టే కదా అనవచ్చు. ఉడికిన పిండిని చల్లగా కొన్నాళ్లు ఉంచితే గట్టిపడుతుంది, ఎక్స్-రేకు అందులో స్ఫటికాలు మళ్లీ దొరుకుతాయి. శిలువ మాత్రం తిరిగి రాదు, ఎందుకంటే ఆ గుండ్రటి అమరికను కట్టింది మొక్క. ఇటుపక్క మామూలు పాలిస్టైరీన్ కప్పు ముక్క స్ఫటికమే లేకుండా, ఒత్తిడి వల్లనే రంగులు చిమ్ముతుంది. మందం మారినా మెరుపు మారుతుంది. కాబట్టి ఎంత మెరుపో అంత స్ఫటికమన్న లెక్క నిలవదు. మైక్రోస్కోపు నికరంగా కొలిచేది వేగాన్ని: కరిగిన పాలీప్రొపిలీన్‌ను ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిపి, గోళం వ్యాసార్ధాన్ని కాలంతో గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలే పెరుగుదల వేగం. గోళాలు ఒకదానికొకటి తగిలి తెర నిండితే రేఖ ఆగుతుంది, స్ఫటికీకరణ ఆగదు. లోపలి సందుల్లో అది నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. తెరంతా నిండినా అందులో స్ఫటికం వంతు సగానికి అటూఇటూగానే ఉంటుంది. ఆ వంతు తేల్చడం కెలోరిమీటరు, ఎక్స్-రేల పని.