కొండగోగు జిగురు, వెండి రేణువు

మా జహీరాబాదు నుంచి హైదరాబాదు పోయే దారిలో పటాన్‌చెరు వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి పల్లెల చేలను పాడుచేస్తున్నదన్న వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మందులు మానుకోలేం కదా! మరి చేసే తీరు మారదా అని నాకనిపిస్తుంది.

కొండగోగు మన అడవి చెట్టే. పచ్చని పూలు పూస్తుంది. గిరిజనులు దాని జిగురు సేకరిస్తారు. ఆ జిగురునీటిలో సిల్వర్ నైట్రేటు కలిపి, ప్రెషర్ కుక్కరుకు అన్నగారి వంటి ఆటోక్లేవులో ఉడికిస్తే వెండి నానో రేణువులు తయారవుతాయని ఉస్మానియా విశ్వవిద్యాలయం, భాభా అణు పరిశోధన కేంద్రాల శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించారు. మిల్లీమీటరులో పదిలక్షో వంతు నానోమీటరు! వెండిని విడదీసేదీ జిగురే, ముద్దకట్టకుండా కాచేదీ జిగురే. మన తెలుగు పేరే విదేశీ పత్రికలకెక్కింది.

ఇటువంటి లోహ రేణువులు పెళ్లిళ్ల పేరయ్యలు. జత కుదిర్చి తాము తప్పుకుంటాయి. పసుపుపచ్చని పారా నైట్రోఫినాలు నీటిలో సోడియం బోరోహైడ్రైడు ఒక్కటే వేస్తే గంటలు గడిచినా రంగు విరగదు. రేణువులు కాసిని పడితే నిమిషాల్లో విరుగుతుంది. మిగిలే అమినోఫినాలు, మనం జ్వరానికి మింగే పారాసిటమాలుకు ముడిసరుకు!

అయితే చెట్టు పేరు చెప్పగానే అంతా శుద్ధమనుకోరాదు. బోరోహైడ్రైడు ఘాటు రసాయనమే. రేణువులను తిరిగి పట్టుకోకపోతే వెండీ వాగుపాలే. జిగురుకోసం చెట్టును అతిగా గాయపరిస్తే అడవీ మిగలదు. ఈ మూడు లెక్కలూ తేలిననాడే నక్కవాగు ఒడ్డు రైతు ఈ విద్యను మెచ్చుకుంటాడు.