చిన్న బోర్డు, మిద్దెమీద ట్యాంకు: ఇంట్లో చేయదగిన ఒక ప్రయోగం

పరిచయం

దూరవిద్యలో చదువుతున్న మీకు ప్రయోగశాల దొరికేది ఏడాదికి కొద్దిరోజులే. ఓమ్ నియమం ఒక పాఠంలో, ధ్వని వేగం మరో పాఠంలో, మధ్యగతం ఇంకో పుస్తకంలో చదివి ఉంటారు. ఈ మూడూ ఒకేచోట కలిసే పని ఒకటి ఇంట్లోనే ఉంది. మిద్దెమీది ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో మెట్లెక్కకుండా తెలుసుకోవడమే ఆ పని. ఈ పాఠం చదివాక, తెరమీద కనిపించే ఒక అంకె ఎలా పుట్టిందో, దాన్ని ఎక్కడెక్కడ అనుమానించాలో మీరు చెప్పగలగాలి. ప్రోగ్రాము రాయడం ఇందులో తేలికైన భాగం. ఇరవై, ముప్పై పంక్తుల్లో అయిపోతుంది.

ఏ బోర్డు?

ప్రాసెసరు, మెమొరీ, తీగలు తగిలించే పిన్నులు అన్నీ ఒకే పలక మీద ఉంటే దాన్ని సింగిల్‌బోర్డ్ కంప్యూటర్ అంటాం. వీటిలో బాగా పేరున్నది రాస్ప్‌బెరీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే విద్యార్థుల సంఖ్య, వారి అనుభవం తగ్గిపోతున్నాయని గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. పిల్లలు పాడుచేస్తామన్న భయం లేకుండా వాడగలిగే చవక కంప్యూటర్ కావాలన్నది వారి ఆలోచన. 2012 ఫిబ్రవరి 29న మొదటి బోర్డు 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్న మెమొరీ 256 మెగాబైట్లు మాత్రమే.

అదే సంస్థ 2021లో పికో అనే ఇంకా చిన్న బోర్డును తెచ్చింది. అప్పుడు దీని ధర 4 డాలర్లు. పేరులో పోలిక ఉన్నా ఈ రెండూ వేర్వేరు జాతులు. పెద్ద బోర్డు లినక్స్ నడిపే పూర్తి కంప్యూటర్. పికో మైక్రోకంట్రోలర్ బోర్డు. దానిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, మీరు రాసిన ఒక్క ప్రోగ్రామే నడుస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. పెద్ద బోర్డు తన వ్యవస్థనంతా సాధారణంగా మెమొరీ కార్డు మీద ఉంచుకుంటుంది. కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు, ఒక్కోసారి కార్డంతా చెడిపోవచ్చు. పికోకు ఆ బాధ చాలా తక్కువ. కరెంటు రాగానే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. కాబట్టి నీటిమట్టం చూపడమొక్కటే మీ అవసరమైతే పికో చాలు. వైఫై ఉన్న రకమైతే కింది గదికి అంకెలు పంపడం కూడా సులువు. నెలల తరబడి లెక్కలు దాచుకోవాలి, కెమెరా పెట్టాలి అనుకుంటేనే పెద్ద బోర్డు కొనండి. అప్పుడైనా కార్డుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. చాలామంది పెద్దది కొని, చిన్నదానితో అయ్యే పని చేస్తుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

3.3 వోల్టుల గీత

నీటిమట్టం కొలవడానికి హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అతిధ్వని సెన్సారు చవకగా దొరుకుతుంది. ట్రిగ్ అనే దాని పిన్నుకు 10 మైక్రోసెకన్ల పాటు సంకేతం ఇస్తే, అది మనకు వినపడని 40 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని కిందికి వదులుతుంది. ఆ ధ్వని నీటి ఉపరితలాన్ని తాకి తిరిగొచ్చేదాకా ఎకో అనే మరో పిన్ను మీద వోల్టేజి నిలిచి ఉంటుంది. అది ఎంతసేపు నిలిచిందో కొలవడమే బోర్డు పని.

చిక్కేమిటంటే సెన్సారు 5 వోల్టుల మీద నడుస్తుంది, కనుక ఎకో పిన్ను కూడా దాదాపు 5 వోల్టులు ఇస్తుంది. మన బోర్డుల పిన్నులు 3.3 వోల్టులకు తయారైనవి. నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, ఈ సంగతి తెలిసి కూడా, చూద్దామని నేరుగా కలిపాను. మూడు వారాలు చక్కగా పనిచేసింది. ఆ తర్వాత ఆ పిన్ను ఇక పలకలేదు. వెంటనే మాడిపోయి ఉంటే తప్పు వెంటనే తెలిసేది. పనిచేస్తోంది కదా అని తప్పును సరైనదిగా నమ్మడమే నాకు ఎక్కువ నష్టం చేసింది.

దీనికి విరుగుడు ఓమ్ నియమమే. 1 కిలో ఓమ్ నిరోధకాలు మూడు తీసుకోండి. ఎకో పిన్నుకు, బోర్డు పిన్నుకు మధ్య ఒకటి పెట్టండి. బోర్డు పిన్నుకు, గ్రౌండుకు మధ్య మిగిలిన రెండింటిని శ్రేణిలో పెట్టండి. మొత్తం 3 కిలో ఓమ్‌లలో 2 కిలో ఓమ్‌ల మీద ఉండే వోల్టేజి మూడింట రెండు వంతులు, అంటే 5 × 2/3 = 3.33 వోల్టులు. బోర్డుకు తగిలించేముందు మల్టీమీటరుతో ఒకసారి సరిచూసుకోండి. పెద్ద బోర్డు మీద 1వ పిన్ను 3.3 వోల్టులు, దాని పక్కనే ఉన్న 2వ పిన్ను 5 వోల్టులు ఇస్తాయి. తీగ ఒక్క పిన్ను పక్కకు జరిగినా ప్రమాదమే. అందువల్ల తీగలు మార్చే ప్రతిసారీ ముందు కరెంటు తీసేయండి.

అంకె అబద్ధం చెప్పే చోట్లు

ధ్వని వెళ్లి తిరిగి వస్తుంది కనుక, కాలాన్ని వేగంతో గుణించి 2తో భాగిస్తే దూరం వస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. చాలా ప్రోగ్రాముల్లో ఈ అంకెనే స్థిరంగా రాసేస్తారు. కానీ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేగం సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మే నెలలో ట్యాంకు లోపల గాలి 40 డిగ్రీలుంటే వేగం 355 మీటర్లు. నీళ్లు నిజంగా 100 సెంటీమీటర్ల లోతున ఉంటే, 343 అని రాసిన ప్రోగ్రాము దాన్ని 96.6 అని చూపిస్తుంది. 110 సెంటీమీటర్ల వ్యాసమున్న ట్యాంకులో ఈ 3.4 సెంటీమీటర్లు దాదాపు 32 లీటర్లు. అంటే లేని నీళ్లు రెండు బకెట్లు ఉన్నట్టు చూపుతుంది. పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సారు పెట్టి సూత్రంలో వేగాన్ని సవరిస్తే ఈ దోషం చాలావరకు పోతుంది.

రెండోది చెదురుమదురు దోషం. అలలు, తేమ, లినక్స్ మధ్యలో వేరే పనికి మళ్లడం వల్ల అప్పుడప్పుడు ఒక పిచ్చి అంకె వస్తుంది. ఏడుసార్లు కొలిస్తే 61, 62, 61, 148, 62, 61, 62 వచ్చాయనుకుందాం. సగటు తీస్తే 73.9. మధ్యగతం తీస్తే 62. ఒక్క తప్పు కొలత సగటును ఎంత దూరం లాక్కుపోయిందో గమనించండి. ఇలాంటి చోట మధ్యగతమే వాడాలి.

మూడోదాన్ని ఏ సూత్రమూ పట్టుకోలేదు. ఒకరోజు నా తెరమీద ట్యాంకు 80 శాతం నిండుగా ఉంది. స్నానాల గదిలో కుళాయి మాత్రం బుసకొట్టింది. "మీ కంప్యూటర్నే అడిగి స్నానం చెయ్యండి" అంది మా ఆవిడ. పైకెక్కి చూస్తే, సెన్సారు ధ్వని నీళ్లదాకా పోకుండా ట్యాంకులోకి నీళ్లు వచ్చే గొట్టాన్ని తాకి తిరిగొస్తోంది. ఈ ధ్వని సన్నని గీతలా కాక విసనకర్రలా విచ్చుకుంటుంది. అందుకే గొట్టానికీ గోడకూ ఎడంగా సెన్సారును బిగించాలి. తెల్లవారినుంచి అందరూ నీళ్లు వాడుతున్నా అంకె కదలలేదన్న సంగతి నేను ముందే గమనించి ఉండాల్సింది. మారవలసినది మారకపోవడం కూడా దోషానికి గుర్తే. ట్యాంకులో తేమ ఎక్కువ కనుక నీరు చొరబడని రకం సెన్సారు మేలు. అయితే అది సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని కొలవలేదు. నిండు మట్టానికి అంతకంటే పైన అమర్చండి.

మోటారు సంగతి

నీటిమట్టం తెలిశాక, మోటారును కూడా బోర్డే ఆపితే బాగుంటుందని మీకు తప్పక అనిపిస్తుంది. చిన్న రిలే బోర్డు కొని మోటారుకు కలపవద్దు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు అనేక రెట్లు తీసుకుంటుంది. ఆ వేడికి చిన్న రిలే లోపలి కొనలు అతుక్కుపోవచ్చు. అప్పుడు ప్రోగ్రాము ఆపమన్నా మోటారు ఆగదు. పైగా తడి మిద్దెమీద 230 వోల్టుల తీగతో చేసే పొరపాటుకు మూల్యం ఒక పిన్నుతో పోదు. ట్యాంకు నిండగానే బజరు మోగేట్టు చేసి, స్విచ్చు మీ చేత్తో ఆపండి. ఆటోమేటిక్‌గానే కావాలనుకుంటే మోటారుకు తగిన కాంటాక్టరును ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి.

అభ్యాసం

1. ట్యాంకులో గాలి 30 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ఎకో సంకేతం 5 మిల్లీసెకన్లు నిలిచింది. నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి? 343 అనే స్థిరాంకం వాడితే ఎంత తేడా వస్తుంది?

2. వారం రోజులు ఉదయం, మధ్యాహ్నం ఒక కర్రను ట్యాంకులో ముంచి, తడిసిన మేర టేపుతో కొలవండి. సెన్సారు చూపిన అంకెను పక్కనే రాయండి. తేడా ఏ పూట ఎక్కువగా ఉందో, ఎందుకో రెండు వాక్యాల్లో వివరించండి.