కాలేయము – కండబలము

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలమున ముత్యంపేట యను గ్రామము కలదు. అచ్చటి చక్కెర కర్మాగారము 2015వ సంవత్సరము డిసెంబరు మాసమున మూతపడినది. అంతకు పూర్వము చుట్టుపట్ల రైతులు తాము పండించిన చెరకును అచ్చటికి తరలించెడివారు. ఆ చెరకు యంత్రములలో నలిగి, రసమై, తుదకు చక్కెరయై, బస్తాలలో గిడ్డంగికి చేరెడిది. వర్తకులు ఆ బస్తాలను ఎప్పటికప్పుడు కొనిపోయినప్పుడే క్రొత్త సరుకునకు చోటు దొరకును. కొనిపోవువారు లేనిచో ఎంత పెద్ద గిడ్డంగియైనను క్రిక్కిరిసిపోవును.

బాలబాలికలారా! మన దేహమునందును ఇట్టి కర్మాగార మొకటి కలదు. అదియే కాలేయము. ఇది కడుపునకు కుడివైపున, ప్రక్కటెముకల మాటున ఉండును. పెద్దవారిలో దీని బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాములు. మనము తిన్న అన్నము జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తమున కలియును. అందు కొంత భాగమును కాలేయము గ్లైకోజెను అను పదార్థముగా దాచియుంచి, ఆకలి వేళ తిరిగి రక్తమునకు అందించును. కాని యీ గిడ్డంగిలో పట్టునది ఇంచుమించు నూరు గ్రాములు మాత్రమే. కండరములన్నింటిలో కలిపి అంతకు మూడు నాలుగు రెట్లు పట్టును. పరుగెత్తునప్పుడును, బరువు లెత్తునప్పుడును కండరములు ఆ నిల్వను ఖర్చుచేసి, మరల క్రొత్త గ్లూకోజును గ్రహించును. కావున సరుకును కొనిపోవు వర్తకులు మన కండరములే.

కండ తక్కువై, ఉన్న కండయు కదలక కూర్చున్నచో ఏమగును? మిగిలిన చక్కెరను కాలేయము క్రొవ్వుగా మార్చును. ఆ క్రొవ్వులో కొంత కాలేయముననే పేరుకొనును. అది నూటికి 5 పాళ్ళు మించినచో వైద్యులు ఫ్యాటీ లివరు అందురు. ఇది తొలిదశలో నొప్పి పుట్టింపదు. అందువలన రోగి దీనిని గుర్తింపజాలడు. ఏండ్లు గడచినకొలది కొందరిలో కాలేయము వాచి, మచ్చలు పడి, గట్టిపడును.

ఇట్టి చేటు మద్యపానము చేయువారికే కలుగునని పూర్వము తలచెడివారు. మద్య మెరుగనివారికిని ఇది వచ్చునని 1980లో అమెరికా వైద్యుడు లుడ్విగ్ వివరించెను. స్థూలకాయులైన పిల్లలలోను ఇది కలదని 1983లో వైద్యులు ప్రకటించిరి. 2025లో వెలువడిన హైదరాబాదు పరిశోధన యొకటి, పరీక్షింపబడిన ఐ.టి. ఉద్యోగులలో నూటికి 84 మంది కాలేయములలో క్రొవ్వు అధికముగా ఉన్నట్లు తెలిపినది. వారిలో అధికులు దినమెల్ల కూర్చుండి పనిచేయువారే.

త్రాసు చూపు బరువు ఒక్కటే ఈ సంగతిని తెలుపజాలదు. పూనా వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్లేయ వైద్యుడు యుడ్కిన్ తమ దేహములనే పరీక్షించుకొని, ఆ ఫలితమును 2004లో ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువును తెలుపు సూచిక ఇరువురికిని 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ దేహమున క్రొవ్వు 9.1 శాతము కాగా, యాజ్ఞిక్ దేహమున 21.2 శాతము! సన్నగా కనబడు భారతీయులలోను కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది. కావున లావుగా నున్న సహపాఠిని చూచి నవ్వుట అవివేకము. అది వాని మనస్సును నొప్పించునే కాని వాని కాలేయమునకు మేలు చేయదు.

అట్లని లావుగా నున్నవారు పస్తులుండరాదు. పస్తులున్నచో క్రొవ్వుతోపాటు కండయు కరగిపోవును. వర్తకులే తరలిపోయిన పిదప గిడ్డంగి గతి యేమి? ఎదుగు వయస్సున పప్పు, గ్రుడ్లు, పెరుగు వంటివి తప్పక తినవలెను. మానదగినవి తీపి పానీయములు. శీతల పానీయము 300 మిల్లీలీటర్లు త్రాగినచో అందు సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. చక్కెరలో సగము ఫ్రక్టోజు. ఇది మోతాదు మించినచో ఆ భారము ముఖ్యముగా కాలేయముపైననే పడును.

ఈ విషయమును అమెరికాలో 40 మంది బాలురపై పరీక్షించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. వారందరును 11 మొదలు 16 ఏండ్ల వయస్సు గల రోగులు. కొందరి యిండ్లలో ఇంటిల్లిపాదియు ఎనిమిది వారములు అదనపు చక్కెరను, పండ్లరసములను మానిరి. ఆ బాలుర కాలేయములలోని క్రొవ్వు సగటున 25 శాతమునుండి 17 శాతమునకు దిగినది. తక్కిన బాలురలో ఆ క్రొవ్వు 21 నుండి 20 శాతమునకు మాత్రమే తగ్గినది.

పిల్లలు దినమునకు కనీసము 60 నిమిషములు చెమట పట్టునట్లు శ్రమింపవలెననియు, వారమునకు మూడు దినములైనను కండలకు బలమిచ్చు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దీనికి ధనముతో పని లేదు. కబడ్డీ, త్రాడాట, బడికి నడక, పొలమున తల్లిదండ్రులకు తోడ్పాటు, ఇవి చాలును. బరువు మిక్కిలి పెరిగినచో వైద్యునికి చూపించుకొని పరీక్ష చేయించుకొనవలెను. సకాలమున మేల్కొన్నచో కాలేయము చాలవరకు తిరిగి కోలుకొనగలదు. చెరకు పండించిన మన పెద్దలకు ఒంటినిండ పని యుండెను. ఆ పని నేడు తగ్గినది, చక్కెర మాత్రము ఇంటింటికిని వచ్చి చేరుచున్నది. కావున ఆ లోటును ఆటపాటలతో పూరించుకొనుట మీ వంతు.