తండా మాటలు

పల్నాటి సీమయందు మాచర్ల, గురజాల ప్రాంతములలో సుగాలీల తండాలు కలవు. పూర్వము వీరు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని దూరదేశములకు చేరవేయుచుండిరి. వీరి లంబాడీ భాష రాజస్థానీ భాషలకు చుట్టము. దానికి పరంపరగా వచ్చిన లిపి లేదు; ఇచ్చట తెలుగు లిపిలో వ్రాయుదురు.

ఆ భాషలో తల్లి ‘యాడీ’, నీరు ‘పాణీ’, రొట్టె ‘బాటీ’, ఇల్లు ‘ఘర్’. ‘ఏక్, దీ, తీన్’ అని లెక్కింతురు.

ఇంట ఈ మాటలే వినిన పసిబాలుడు బడిలో తెలుగు మాత్రమే విని తొలుత మౌనము వహించును. తోడివారితో కలియుటకై అతడు తెలుగును శ్రమించి నేర్చును. తోడివారు అతని మాటలు పదియైనను నేర్వవలదా? అతడు ‘పాణీ’ అన్నప్పుడు అర్థమడుగక నీరందించుటయే భాష నేర్చిన ఫలము.